ఆరో పూస

ఆర్నెల్ల కిందట నడుములో ఐదు వెన్నుపూసలతో స్కాన్ తీయించుకుని వెళ్ళిన మనిషి, రెండోసారి ఆరు పూసలతో తిరిగొచ్చాడు.

లెక్కల డాక్టరమ్మ కుర్చీని తెరకు దగ్గరగా లాక్కుని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మెడలో ఏడు. పక్కటెముకల్ని మోసేవి పన్నెండు. ఇక్కడిదాకా భగవంతుడూ పాఠ్యపుస్తకమూ ఒకే మాట మీద ఉన్నారు. నడుములో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆ తర్వాత, భోజనాలైపోయినా విస్తరి ముందునుంచి లేవని చుట్టంలా, ఇంకొకటి.

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. స్కాన్లు చదివి రిపోర్టు రాయడం ఆమె వృత్తి, కనిపించిందల్లా లెక్కపెట్టడం ఆమె జబ్బు. మెట్లు, కిటికీ ఊచలు, మీటింగులో పెద్దవాళ్ళు ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నారో అన్నీ లెక్కే. అదీ పైకే. పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి కూర్చుని, ఆయన చెప్పిన పళ్ళ లెక్క తప్పని వేళ్ళతో చూపించిందని వెనకాల నవ్వుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన లెక్క నిజంగానే తప్పు.

తెర మీదున్న స్కాన్ ఒక లిఫ్టు మెకానిక్‌ది. వయసు యాభై ఎనిమిది. మరేదో పరీక్ష కోసం రక్తమిస్తే, ఎముకల మూలుగలో పుట్టే రక్తక్యాన్సరు తొలిమెట్టు మీద కూర్చుని ఉందని బయటపడింది. నొప్పి లేదు, జ్వరం లేదు. నివురుగప్పిన నిప్పు. కొందరిలో అది పదేళ్ళు అలాగే పడి ఉంటుంది. కొందరిలో ఏడాది తిరక్కుండానే రాజుకుని ఎముకల్ని చెదలు తొలిచినట్టు తొలిచేస్తుంది. ఎవరిది ఏ రకమో ముందుగా పసిగట్టడానికే ఒళ్ళంతా ఎమ్మారై తీస్తారు. మూలుగలో మచ్చ ఒక్కటే ఉంటే కనిపెట్టుకుని ఉంటారు. రెండోది కనిపిస్తే ఆగకూడదు. ఎముక విరక్కముందే మందు మొదలుపెట్టాలి.

లిఫ్టాయనకి మొదటి స్కాన్‌లో ఒకే ఒక్క మచ్చ. ఎడమ తుంటి ఎముకలో, బఠాణీ గింజంత. మూడు వారాల కిందట తీసిన రెండో స్కాన్‌లో అదీ లేదు. తుంటి అద్దంలా ఉంది.

ఆ స్కాన్ వచ్చిన రోజు డాక్టరమ్మ సెలవులో ఉంది. రిపోర్టు రాసింది చిలక. చిలకంటే, పాత స్కాన్‌నీ కొత్త స్కాన్‌నీ పక్కపక్కన పెట్టి చూసి, జబ్బు ముదురుతుందో లేదో జోస్యం చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం. దాన్ని కట్టబెట్టిన కంపెనీ వాళ్ళు ఏదో గంభీరమైన పేరు పెట్టారు. చీటీ తీసి భవిష్యత్తు చెప్పేదానికి చిలక కంటే మంచి పేరేముంటుందని ఇక్కడివాళ్ళు మార్చేశారు. చిలకకి ఒక అలవాటుంది. నడుము పూసల్ని కిందినుంచి పైకి ఐదు లెక్కపెట్టి ఆపేస్తుంది. పాతదీ కొత్తదీ పొంతన కుదరకపోతే, పొట్టి దుప్పటిని కాళ్ళదాకా లాగినట్టు కాస్త సాగదీసి కుదుర్చుకుంటుంది. అలా కుదుర్చుకుని, రెండేళ్ళలో జబ్బు ముదిరే అవకాశం నూటికి నాలుగు అని చెప్పింది. డ్యూటీలో ఉన్న డాక్టరు కింద సంతకం పెట్టాడు.

ఇవాళ పొద్దున పెద్ద డాక్టరు తన ఉపన్యాసానికి మంచి స్కాన్ ఒకటి ఏరి ఇమ్మని అడక్కపోతే, ఈ ఆరో పూస ఎవరి కంటా పడేది కాదు.

డాక్టరమ్మ టెక్నీషియన్‌ని పిలిచింది. అతన్ని అందరూ గుండుసూది అంటారు. ఎమ్మారై గదిలో ఉండేది పెద్ద అయస్కాంతం కాబట్టి, లోపలికి వెళ్ళేవాళ్ళ జేబులూ జడలూ వెతికి పిన్నులూ సూదులూ లాక్కోవడం అతని పని. ఒకసారి ఒక జడ్జీగారి చేత బెల్టు విప్పించానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"ఈయన్ని స్కాన్ చేసింది నువ్వేనా?"

"నేనే మేడమ్. రెండుసార్లూ."

"రెండుసార్లూ మనిషి ఒక్కడేనా?"

"బల్ల మీద ఇద్దరు పట్టరు మేడమ్."

"పరాచికాలు తర్వాత. ఈ నడుం చూసి పూసలెన్నో చెప్పు."

గుండుసూది లెక్కపెట్టాడు. పాత స్కాన్‌లో లెక్కపెట్టాడు. మళ్ళీ కొత్తదానికి వచ్చేసరికి అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఫైలు నేను మార్చలేదు," అన్నాడు, ఎవరూ అడక్కముందే. "ఆ రోజు నాకు గుర్తుంది. ఈయనకి ముందు ఇద్దరు ఆడవాళ్ళు, తర్వాత ఓ స్కూలు పిల్ల. ఎవరితో కలిసిపోయినా ఈ ఎముకలు రావు."

"పేరు అడిగావా?"

"అడిగాను. లిఫ్టు మెకానిక్ ఫలానా మీరేనా అన్నాను. అవునన్నాడు."

"మీరేనా అంటే ఆ గోడ గడియారం కూడా అవునంటుంది. మీ పేరేంటి అనడగాలి."

"రోజుకి పదిహేను మంది మేడమ్. పేరు చెప్పమంటే సగంమంది వంశవృక్షం ఎక్కేస్తారు."

"మొహం చూడలేదా?"

"మాస్కుంది. జలుబన్నాడు." గుండుసూది తల గోక్కున్నాడు. "ఒకటి మాత్రం వింతగా అనిపించింది. భయమేస్తే నొక్కమని చేతిలో రబ్బరు బుడ్డ పెడతాం కదా. మొదటిసారి ఆయన దాన్ని పదకొండుసార్లు నొక్కాడు. నొక్కినప్పుడల్లా స్కాన్ ఆపి ఏంటండీ అంటే, ఏమన్నా కనిపించిందా అనడిగేవాడు. రెండోసారి గురక పెట్టాడు. ఆ మెషీన్ మోతలో నాకు వినబడిందంటే అదెంత గురకో చూసుకోండి. పాపం అలవాటు పడ్డాడనుకున్నా."

"ఆర్నెల్లకోసారి పడుకునేదానికి అలవాటేంట్రా?"



పెద్ద డాక్టరు రక్తం జబ్బులకి పేరుమోసిన మనిషి. ఆమె వెళ్ళేసరికి, శనివారం సదస్సులో చెప్పబోయే ఉపన్యాసానికి పేరు దిద్దుకుంటున్నాడు. 'మందు లేకుండా మాయమైన మచ్చ' అన్నది తెర మీద మూడు రకాల అక్షరాల్లో ఉంది.

"రామ్మా. ఏది బాగుంది, గుండ్రటి అక్షరాలా, పలకలవా?"

"సార్, మాయమైంది మచ్చ కాదు. మనిషి."

ఆమె రెండు స్కాన్లూ ఆయన ముందు పెట్టి పూసలు చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది మురికిగా ఏమీ లేదు.

"పుట్టుకతో ఆరున్నవాళ్ళు ఉంటారు కదా."

"ఉంటారు సార్. కాకపోతే ఆర్నెల్ల కిందట కూడా ఆరుండాలి."

"తప్పు లెక్కపెట్టావేమో."

"నాలుగుసార్లు పెట్టాను."

"చిలక నూటికి నాలుగంది."

"ఎవరి చీటీ ముందు పెడితే వాళ్ళ జాతకమే చెప్తుంది సార్ చిలక. ఆయన రక్తం చూడండి. అది మీ గదిలో, మీ ఎదురుగా తీసింది. ఈ జబ్బు పుట్టించే చెడ్డ ప్రోటీను ఆర్నెల్లలో రెట్టింపైంది. జబ్బు ముదురుతోందని రక్తం చెప్పింది, నయమైందని స్కాన్ చెప్పింది. మీరు స్కాన్ మాట విన్నారు."

పెద్ద డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "స్కాన్ మంచిమాట చెప్పిందమ్మా," అన్నాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"ఏడాదికి."

ఇద్దరూ గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. ఈ ఏడాదిలో రెండో మచ్చ వచ్చినా, పదోది వచ్చినా, అడిగే నాథుడు లేడు. ఏదో ఒకరోజు లిఫ్టాయన స్పానరు కోసం వంగుతాడు, నడుములో ఏదో పుటుక్కుమంటుంది. అప్పటికి మందుల పని సగం చెయ్యి దాటిపోతుంది.

"ఆ గుండుసూదిగాణ్ణి పంపించేద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు, కోపం ఎవరి మీదో ఒకరి మీద దించాలి కాబట్టి.

"ముందు అసలు మనిషిని పట్టుకుందాం సార్. తర్వాత మీ ఇష్టం."

లిఫ్టాయన కార్డు మీదున్న నంబరుకి ఆమె ఫోన్ చేసింది. తీసింది లిఫ్టాయన భార్య.

"ఆసుపత్రి నుంచా? ఏడాదికి కదా రమ్మన్నారు, ఏడాది అప్పుడే అయిపోయిందా? ఆయనా? ఆయనకేం, దుక్కలా ఉన్నాడు. కుళాయి బాగుచేస్తానని ఇల్లంతా చెరువు చేసి కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళని పైకెక్కిస్తాడు, కిందికి దించుతాడు, ఇంట్లో ఒక్క కుళాయి తిప్పడం చేతకాదు. ఏవండీ, ఆ బకెట్టు అటు కాదు, ఇటు. ఇటంటే అటు కాదు. చెప్పండి డాక్టరుగారూ, ఏంటి సంగతి?"

"చిన్న పనే. ఒకసారి మళ్ళీ చూడాలి. ఇవాళ మధ్యాహ్నమే."

"తీసుకొస్తా. పోయినసారి నాకు ఒంట్లో బాగోక మా తమ్ముణ్ణి తోడిచ్చి పంపా. ఇవాళ నేనూ వస్తా."

"మీ తమ్ముడా?" డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఆయన్ని కూడా తప్పకుండా తీసుకురండి."

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. లిఫ్టాయన పొడుగ్గా, గోళ్ళ సందుల్లో గ్రీజుతో, మాట తక్కువగా ఉన్నాడు. బావమరిదిదీ అదే పొడుగు, అదే ఒడ్డు. పరుపుల దుకాణంలో అమ్మకాలు చూస్తాడు. సరుకు మీద నమ్మకం కలిగించడానికి ఎక్కడ పడితే అక్కడ నిద్రపోగలగడం ఆ ఉద్యోగానికి కావలసిన మొదటి అర్హత. కుర్చీలో కూర్చోగానే చిప్స్ ప్యాకెట్ విప్పాడు. వాళ్ళ అక్క వచ్చిన దగ్గర్నుంచీ మొగుణ్ణి వదలలేదు. చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నందుకు ఒక చురక, కార్డు ఇంట్లో మర్చిపోబోయినందుకు ఒకటి, ఊరికే నిలబడి ఉన్నందుకు ఇంకొకటి అంటించింది. గుండుసూది నిందితుడిలా తలుపు దగ్గర నిలబడ్డాడు.

డాక్టరమ్మ లిఫ్టాయన వైపు తిరిగింది.

"పోయినసారి స్కాన్‌లో మేం చెప్పనిది ఒకటుంది. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఐదున్నాయి. ఒకటైతే గోలీ అంత."

"అలాగా," అన్నాడు లిఫ్టాయన, పక్కవీధి లిఫ్టు ఆగిపోయిందని విన్నట్టు.

"నూనె సరుకు తింటే ఎప్పుడైనా నొప్పి అందుకోవచ్చు. అందుకుందంటే మనిషి నేల మీద పడి దొర్లుతాడు. ఎంత మొనగాడైనా సరే."

నోటిదాకా వెళ్ళిన చిప్స్ ముక్క ఆగింది. వెనక్కి వచ్చి ప్యాకెట్లో పడింది. బావమరిది ప్యాకెట్ మూతి నాలుగు మడతలు పెట్టి, కుర్చీ కిందికి తోసి, పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి వెతుక్కుంటోంది.

"డాక్టరుగారూ, అది ఏ పక్కనుంటుందండీ?"

"ఎవరికి?"

"బావకి."

"మీ బావకి లేనే లేవు. ఉన్నవాడికి కుడిపక్క."

చెయ్యి కుడిపక్కకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. లిఫ్టాయన భార్య ముందు తమ్ముడి పొట్ట వైపు చూసింది, తర్వాత మొగుడి మొహం వైపు చూసింది.

"ఒరేయ్," అంది తమ్ముణ్ణి. అంతే అంది.

"నన్నేం అనకక్కా. బావకి ఆ స్కాన్ గొట్టమంటే భయమట. మొదటిసారి లోపల ఊపిరాడక చచ్చి బతికాడట. ఎలాగూ మధ్యాహ్నం పడుకుంటావు కదరా, ఈ ఒక్కసారికి నా బదులు అక్కడ పడుకో అన్నాడు. పేరు, పుట్టిన తేదీ బట్టీ పట్టించాడు. తీరా చూస్తే వీళ్ళు అడగనే లేదు, వీళ్ళే చదివేశారు. నేను అవునన్నా."

"పడుకోవడానికి ఎలా ఉంది?" అన్నాడు గుండుసూది తలుపు దగ్గర్నుంచి. ఉద్యోగం నిలబడేలా ఉందని తెలిశాక అతనికి ప్రాణం లేచొచ్చింది.

"బల్ల గట్టి. నడుముకి మంచిది."

"నడుముకి అంట," అంది వాళ్ళక్క. "ఇంటికి రా, నీ నడుం సంగతి చెప్తా. మీరు చెప్పండి, ముప్ఫై ఏళ్ళు లిఫ్టు గోతుల్లో పాకిన మనిషికి గొట్టమంటే భయమేంటండీ?"

"భయమే," అన్నాడు లిఫ్టాయన నేల చూస్తూ.

"మీ బావమరిది నడుములో ఒక పూస ఎక్కువుండబట్టి దొరికారు. ఇవాళ మత్తుబిళ్ళ ఇస్తాను, నేనే మైకు దగ్గర కూర్చుంటాను," అంది డాక్టరమ్మ. "మెషీన్ ఖాళీగా ఉంది. పదండి."

"శుక్రవారం చూద్దాం డాక్టరమ్మా. ఇవాళ ఒక పెద్ద బిల్డింగులో పనుంది."

"జనం మెట్లెక్కుతారు లెండి, ఒళ్ళు తగ్గుతుంది," అంది భార్య. "లేవండి."

లేచాడు.

గుండుసూది ఈసారి ఏ లోటూ చెయ్యలేదు. పేరు చెప్పమన్నాడు. పుట్టిన తేదీ చెప్పమన్నాడు. తండ్రి పేరు, వీధి పేరు, ఇంటి నంబరు చెప్పమన్నాడు. మాస్కు దించి, కార్డు పట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా మొహం తేరిపార చూశాడు. రబ్బరు బుడ్డ చేతిలో పెట్టి, బల్లని లోపలికి తోసి, అద్దానికి ఇవతల డాక్టరమ్మ పక్కన వచ్చి కూర్చున్నాడు. లిఫ్టాయన మత్తుబిళ్ళ వద్దన్నాడు.

మెషీన్ మోత మొదలుపెట్టింది. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. బుడ్డ ఒక్కసారి కూడా మోగలేదు. గొట్టంలోంచి బయటికి కనిపిస్తున్న పాదాలు కదల్లేదు. భయపడే మనిషి కాలివేళ్ళు ముడుచుకుంటాయి. ఇవి నీడలో ఆరేసిన చెప్పుల్లా ఉన్నాయి. డాక్టరమ్మ ఆ పాదాలను రెండుసార్లు చూసింది గానీ, ఆలోచించే తీరిక లేకపోయింది. తెర మీద మెడ దిగింది, పక్కటెముకలు దిగాయి, నడుం దిగింది.

"ఐదు," అంది. "మనిషి దొరికాడు."

"హమ్మయ్య," అన్నాడు గుండుసూది.

ఇంక మిగిలింది అసలు సంగతి. చివరి వరస పూర్తయి మోత ఆగింది. ఆమె ముందుకి వంగి, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, పైనుంచి కిందికి మూలుగంతా వెతికింది. మూడో నడుము పూసలో తెల్లగా, బియ్యపు గింజలు రెండు అతుక్కున్నంత.

"ఒకటి."

ఎడమ తుంటిలో పాతది. బఠాణీ కాదది ఇప్పుడు, చింతపిక్క.

"రెండు."

కుడి తొడ ఎముక పైభాగం దగ్గర చూపుడువేలు ఆగిపోయింది. చిన్నదే. చిన్నదైనా అనుమానమేమీ లేదు.

"మూడు."

గుండుసూది ఆమె భుజం తట్టాడు. మాట్లాడకుండా కింద చూపించాడు. ఆమె ఎడమ మోచెయ్యి మైకు మీట మీద ఉంది. పక్కన ఎర్రదీపం వెలుగుతోంది.

"మూడా డాక్టరమ్మా?" అంది స్పీకరు.

ఎదుటివాళ్ళ లెక్కలు ఎక్కడపడితే అక్కడ దిద్దే మనిషికి, తన లెక్క ఒక్కటి తప్పయితే బాగుండుననిపించడం అదే మొదలు. మీట వదల్లేదు. దాచి లాభం లేదు.

"మూడు. ఎముకేదీ విరగలేదు, ఎక్కడా పగులు లేదు. సమయానికే దొరికారు. ఈ వారమే మందు మొదలుపెడతారు. మంచి మందులున్నాయి, నిప్పుని మళ్ళీ నివురు కిందికి తోస్తాయి. వింటున్నారా?"

"వింటున్నా."

"ఇంక బయటికి లాగుతాం. భయపడింది చాలు."

"లాగకండి," అన్నాడు లిఫ్టాయన. మొదటిసారి అతని గొంతు గట్టిగా వినిపించింది. "ఒక్క మాట చెప్పాలి. అది అబద్ధం."

"ఏది?"

"భయమని చెప్పింది. ఈ గొట్టమంటే నాకు భయమేంటి డాక్టరమ్మా, ఇంతకంటే ఇరుకు గోతుల్లో ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో అన్నం తిన్నవాణ్ణి. మావాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా, అది చెప్పా. ఒక మచ్చైతే ఊరుకుంటాం, రెండైతే మందని మొదట్లోనే పెద్ద డాక్టరుగారు చెప్పారు. ఒకటే కదా అని ధైర్యంగా ఇంటికెళ్ళా. ఆ రోజునుంచి మా ఆవిడ నన్ను తిట్టడం మానేసింది. మీరు విన్నారుగా ఆవిడ నోరు. ముప్ఫైరెండేళ్ళు ఆ నోరు వింటేనే నాకు తెల్లారేది. అలాంటిది, తడి తువ్వాలు మంచం మీద పడేస్తే తీసుకెళ్ళి ఆరేసింది. కావాలని పాలు పొంగించా. తుడిచేసి, పోన్లెండి అంది. పోన్లెండి అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదమ్మా. నేనింకా ఉండగానే, పోయినవాణ్ణి చూసుకున్నట్టు చూసుకునేది. నాలుగో నెలలో నడుం పీకడం మొదలైంది. చెప్పలేదు. అరిగిన తాడు తెగేముందు చప్పుడు మారుతుంది, అది మాకు తెలుసు. రెండోది వచ్చేసిందని నాకు అర్థమైపోయింది. నేను పడుకుంటే దొరికిపోతా. అందుకని వాణ్ణి పడుకోబెట్టా. వాడివి ఎద్దు ఎముకలు, అందులో ఏమీ ఉండదని తెలుసు. ఎక్కువ ఉంటాయని ఎవడికి తెలుసు. శుభ్రంగా ఉందని మీ కాగితం వచ్చింది. తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టా. చదివింది, బీరువాలో దాచింది, పావుగంట గోడ వైపు తిరిగి ఏడ్చింది. తర్వాత, చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచానని మా తాత దాకా వెళ్ళి తిట్టింది. ఈ మూడు వారాలూ ఆకలేసింది డాక్టరమ్మా, నిద్రపట్టింది. తప్పు నాది. మీ టెక్నీషియన్ది కాదు, మావాడిది కాదు, ఆ కంప్యూటర్ది కూడా కాదు. దొంగ ఎముకలు ఇచ్చింది నేను. మందు ఎక్కడ గుచ్చుతారో గుచ్చుకోండి, ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తా. కాకపోతే ఇంకో పది నిమిషాలు నన్ను ఇందులోనే ఉండనివ్వండి. బయట ఆవిడుంది. తెలిసిందంటే మళ్ళీ పోన్లెండి అంటుంది."